వెర్సాయి దూకుళ్లు: ఒక పశువైద్యుడి డైరీ

ఆగస్టు 1, గురువారం

వెర్సాయిలో రైలు దిగిన జనం రెండుగా చీలిపోయారు. కోట చూడటానికి వచ్చినవాళ్లు ఒక వైపు, గుర్రాల కోసం వచ్చినవాళ్లు ఇంకో వైపు. మా దారి పొడుగు. పద్నాలుగో లూయీ తవ్వించిన పెద్ద కాలువ చివరికంటా వెళ్లి, చెట్ల మధ్యనున్న ఎత్వాల్ రొయాల్ అనే మైదానం చేరాలి. 2024 పారిస్ ఒలింపిక్స్ కోసం అక్కడ తాత్కాలిక గ్యాలరీలు కట్టారు. దాదాపు పదిహేను వేల మంది పడతారు. ఆటలయ్యాక విప్పేస్తారు.

నన్ను ఇక్కడికి లాక్కొచ్చింది మా మేనకోడలు. పారిస్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, శనివారాలు ఊరి శివారులో రైడింగ్ క్లబ్బు. ఫ్రాన్సులో స్వారీ నేర్చుకునేవాళ్లకు 'గాలో' అని ఒకటి నుంచి ఏడు దాకా మెట్లుంటాయి. పరీక్షలో స్వారీ ఒక్కటే చూడరు, గుర్రాన్ని మాలిష్ చేయడం, గిట్టలు శుభ్రం చేయడం, మేత సంగతులూ అడుగుతారు. ఆమె మూడో మెట్టు దాటింది. నేను పశుసంవర్ధక శాఖలో పనిచేసి రిటైరైన డాక్టర్ని. సర్వీసంతా గేదెలు, గొర్రెలతోనే గడిచింది. గుర్రమంటే హైదరాబాద్ పెళ్లి బరాత్‌లవే ఎక్కువ చూశాను. తారు రోడ్డు మీద అరిగిన గిట్టలు, బ్యాండు మోతకు బెదిరిపోయిన కళ్లు, జీను కింద పుండ్లు. అందుకే ఇక్కడ నా చూపు పతకాల కన్నా కాళ్ల మీదే ఉంటుందని ఆమెకు ముందే చెప్పాను. "కాళ్లే చూడు మావయ్యా, కానీ పక్కవాళ్లకు వినపడేలా కామెంట్రీ చెప్పకు" అంది. చుట్టూ ఉన్నది ఫ్రెంచివాళ్లు, నేను చెప్పేది తెలుగులో. ఆమె భయమేమిటో నాకు అర్థం కాలేదు.

ఒలింపిక్స్ మొదలు కాకముందే గుర్రపు స్వారీ లోకం పరువు పోయింది. బ్రిటన్ డ్రెస్సాజ్ (గుర్రం చేత లయగా అడుగులు వేయించే పోటీ) తార షార్లెట్ డుజార్డిన్ జులై 23న పోటీ నుంచి తప్పుకుంది. శిక్షణ ఇస్తూ ఒక గుర్రం కాళ్ల మీద పొడవాటి కొరడాతో పదే పదే కొట్టిన పాత వీడియో బయటికొచ్చింది. అంతర్జాతీయ గుర్రపు స్వారీ సమాఖ్య ఎఫ్‌ఈఐ ఆమెను తాత్కాలికంగా సస్పెండ్ చేసింది (డిసెంబరులో దాన్ని ఏడాదికి ఖరారు చేసి, 10,000 స్విస్ ఫ్రాంకుల జరిమానా వేసింది). గుర్రాల పోటీలను ఒలింపిక్స్ నుంచే ఎత్తేయమని పెటా సంస్థ డిమాండ్ చేసింది. ఈ గొడవ నడుమ ఈ వారమే మన కోల్‌కతా కుర్రాడు అనూష్ అగర్వాలా ఇదే మైదానంలో డ్రెస్సాజ్‌లో దిగాడు. ఆ విభాగంలో ఒలింపిక్స్‌కి వచ్చిన తొలి భారతీయుడు. మేం చూడబోయేది అడ్డంకులు దూకించే షో జంపింగ్. అందులో మాత్రం ఈసారి మనవాళ్లు లేరు.

ఇవాళ జట్ల క్వాలిఫయర్. 20 జట్లు, జట్టుకు ముగ్గురు. ఆట తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. మైదానంలో మనిషి భుజం ఎత్తున, కొన్ని ఇంకా పైకి, రంగు కర్రలు పేర్చి ఉంటాయి. 1.60 మీటర్లు, 1.65 మీటర్లు. కొన్నింటికి ఎత్తుతో పాటు వెడల్పు కూడా ఉంటుంది, అంటే పైకీ ముందుకీ రెండు వైపులా సాగి దూకాలి. ఒక కర్ర పడితే నాలుగు తప్పులు. నిర్ణయించిన సమయం దాటితే సెకనుకు ఒక తప్పు. గుర్రం దూకనని రెండుసార్లు మొండికేస్తే ఔట్. రౌతు కింద పడినా ఔట్. అంతా కలిపి నిమిషం ఇరవై సెకన్ల ఆట. ఆ నిమిషం ఇరవై సెకన్లలో పదిహేను దాకా దూకుళ్లుంటాయి.

టీవీలో చూసినప్పుడు తెలియనిది దగ్గరగా కూర్చున్నాక తెలిసింది, ఊపిరి చప్పుడు. గుర్రం కాంటర్‌లో, అంటే ఓ మోస్తరు వేగంతో, పరుగెత్తేటప్పుడు అంగకు ఒక శ్వాస. ఊపిరి, అంగ రెండూ ముడిపడి ఉంటాయి, మనలాగా పరుగు ఆపకుండా రొప్పు తీర్చుకోవడం దానికి కుదరదు. 'ఫుర్, ఫుర్' అని లెక్క పెట్టినట్టు వస్తూ, అడ్డంకి ముందు ఒక్క క్షణం ఆగిపోతుంది, దిగాక మళ్లీ మొదలవుతుంది. విశ్రాంతిగా ఉన్నప్పుడు నిమిషానికి ముప్పై, నలభై సార్లు కొట్టుకునే గుండె ఇలాంటి కోర్సులో 180కి చేరుతుంది. నేను కర్రలు వదిలేసి ఆ చప్పుడే వింటూ కూర్చున్నాను.

సాయంత్రానికి వార్త తెలిసింది. బ్రెజిల్ జట్టులో ఒకరి గుర్రం డొక్క మీద రక్తపు మరక కనిపించిందని ఆ రౌతును తీసేశారు. స్పర్, అంటే బూటు మడమకుండే ములుకు, గీసుకుంటే వచ్చే మరక అది. నిబంధన సూటిగా ఉంది, డొక్క మీద రక్తం కనిపిస్తే ఔట్. దాంతో బ్రెజిల్ జట్టుకు రేపటి ఫైనల్ లేదు. "అంత చిన్న మరకకు ముగ్గురి ఆశలూ పోయాయి" అని రైల్లో ఎవరో అంటున్నారని మేనకోడలు అనువాదం చేసి చెప్పింది. మరక చిన్నదే కావచ్చు. కానీ ఆ గుర్రానికి ఆశలేమీ లేవు, డొక్క మాత్రమే ఉంది.

ఆగస్టు 2, శుక్రవారం

జట్ల ఫైనల్. పది జట్లు. నిన్నటి తప్పులన్నీ చెరిపేసి అందరూ సున్నా నుంచి మొదలు.

పొద్దున దారిలో మేనకోడలికి నేను చెప్పిన మాట ఇది. టోక్యో ముందు దాకా ఒలింపిక్ జట్టులో నలుగురుండేవారు. నలుగురిలో అందరికన్నా చెడ్డ స్కోరు తీసేసి మిగతా మూడు కలిపేవారు. ఇంకా ఎక్కువ దేశాలకు చోటివ్వాలని టోక్యో నుంచి ముగ్గురికి తగ్గించారు, తీసేసే స్కోరూ పోయింది. లెక్క బావుంది, టీవీకి సులువుగా అర్థమవుతుంది. గుర్రానికి మాత్రం ఇది మంచిది కాదు. నలుగురున్న రోజుల్లో కోర్సు మధ్యలో గుర్రం ఎందుకో తేడాగా ఉందనిపిస్తే రౌతు చెయ్యెత్తి సెలవు తీసుకుని బయటికొచ్చేయొచ్చు, జట్టు మునగదు. ఇప్పుడు ఒకడు ఆగితే జట్టంతా ఆగినట్టే. అప్పుడు 'ఇంకో నాలుగు అడ్డంకులేగా' అని మనసు చెబుతుంది. క్రూరత్వం ఎప్పుడూ కొరడా పట్టుకునే రాదు, చాలాసార్లు ఈ 'ఇంకో నాలుగే' అనే లెక్కతో వస్తుంది.

"రిజర్వు గుర్రం ఉంటుంది కదా?" అంది.

"ఉంటుంది. రౌండ్ల మధ్య మార్చుకోవచ్చు. రౌండు మధ్యలో కాదు."

ఫైనల్ మాత్రం అద్భుతంగా సాగింది, కాదనను. కోర్సు గీసింది స్పెయిన్‌కి చెందిన శాంతియాగో వరేలా, ఫ్రాన్స్‌కి చెందిన గ్రెగరీ బొదో. మంచి కోర్సు డిజైనర్ చేతిలో గుర్రం ఆరోగ్యం చాలా వరకు ఉంటుందని నాకు ఇవాళే బుర్రకెక్కింది. ఎత్తు పెంచి కష్టపెట్టడం ఎవరైనా చేస్తారు. రెండు అడ్డంకుల మధ్య దూరాన్ని ఆరు అంగలకు కొంచెం తక్కువ, అయిదుకు కొంచెం ఎక్కువ అయ్యేలా పెట్టి ప్రశ్నను రౌతు ముందు ఉంచడం డిజైనర్ గొప్పతనం. అక్కడ తప్పు జరిగితే ఒక తేలిక కర్ర దొర్లి పడుతుంది, అంతే. కర్రలు ఆనించే గిన్నెలు లోతు తక్కువవి, కొద్దిగా తగిలినా కర్ర వదిలేస్తాయి. వెడల్పు అడ్డంకుల్లో వెనక కర్రకైతే బరువు పడగానే జారిపోయే సేఫ్టీ కప్పులు తప్పనిసరి. పైనుంచి గుర్రం ఆ కర్ర మీద పడినా కాళ్లు ఇరుక్కోవు.

నేను చూస్తున్నది దిగడాన్ని. అయిదారు వందల కిలోల జంతువు గాలిలోంచి వచ్చి ముందు ఒకే ఒక్క ముందుకాలి మీద దిగుతుంది, వెంటనే రెండోది ఆనుతుంది. ఆ క్షణంలో గిట్ట పైనుండే కీలు దాదాపు నేలకు తాకేంత కిందకు వంగుతుంది. కాలి వెనక తాడులా కనిపించే టెండన్ సాగి ఆ బరువంతా పట్టుకుంటుంది. దానికి రక్తప్రసరణ తక్కువ. ఒకసారి పోగులు తెగితే నెలల తరబడి మానదు, మానినా పాత బలం రాదు. తెగే ముందు పోగులు ఒక్కొక్కటిగా దెబ్బతింటాయి, బయటికి కుంటు కనపడదు. కుంటు కనిపించేసరికి ఆలస్యమైపోయి ఉంటుంది. అందుకే పోటీ ముందు గుర్రాన్ని గట్టి నేల మీద డాక్టర్ల ముందు నడిపించి, పరుగెత్తించి చూస్తారు. అది అవసరమే. కానీ ఇవాళ బాగా నడిచిన కాలు అంటే ఇవాళ బాగా నడిచిన కాలనే అర్థం.

బ్రిటన్‌కి స్వర్ణం. ముగ్గురు రౌతులూ ఒక్క కర్ర కూడా పడేయలేదు, మొత్తం రెండు తప్పులు, రెండూ సమయానివే. అమెరికా నాలుగు తప్పులతో రజతం, ఫ్రాన్స్ ఏడు తప్పులతో కాంస్యం. ఫ్రెంచి రౌతు మైదానంలోకి వస్తే అరుపులు, గంట మోగాక ఒక్కసారిగా నిశ్శబ్దం, చివరి అడ్డంకి దాటగానే గ్యాలరీ ఊగిపోయేంత గోల. ఇళ్లల్లో పిల్లలను పడుకోబెట్టాక టీవీ సౌండు తగ్గిస్తారే, అంత జాగ్రత్తగా పదిహేను వేల మంది నోరు మూసుకున్నారు.

ఒక పాత సంగతి. ఇవాళ రౌతులంతా దూకేటప్పుడు రికాబుల మీద లేచి ముందుకు వంగుతున్నారు, చేతులు గుర్రం మెడ వెంట సాగుతున్నాయి. నూట పాతికేళ్ల కిందట ఇలా ఉండేది కాదు. వెనక్కి వాలి, పగ్గాలు లాగిపట్టి దూకించేవారు. గుర్రం నోట్లో ఇనుము కోసుకుపోయేది, నడుము మీద మనిషి బరువంతా పడేది. ఇటలీ అశ్వదళంలో ఫెదెరీకో కాప్రిల్లి అనే అధికారి గుర్రాలు రౌతు లేకుండా ఎలా దూకుతాయో గమనించి, వాటికి అడ్డం రాకుండా ముందుకు వంగే పద్ధతి తెచ్చాడు. సైన్యంలో మొదట నవ్వారు. 1907లో గుర్రం మీది నుంచి పడే ఆయన చనిపోయాడు. గుర్రానికి మేలు చేసినవాళ్ల జాబితా రాస్తే నేను ఆయన పేరు చాలా పైన రాస్తాను, డాక్టర్లందరికన్నా పైన.

ఆగస్టు 3, శనివారం

షో జంపింగ్ గుర్రాలకు విశ్రాంతి. వెర్సాయిలో ఇవాళ డ్రెస్సాజ్ జట్ల పోటీ, టికెట్లు లేవు. గార్ దు నోర్ నుంచి రైలెక్కి షాంతియి వెళ్లాం. అరగంట లోపే.

షాంతియి గుర్రపుశాల చూసి మేనకోడలు "ఇది కోట కాదా?" అంది. 1719లో మొదలుపెట్టి ఏళ్ల తరబడి కట్టారు, 240 గుర్రాలకు, 500 వేటకుక్కలకు. కట్టించిన కోందే రాకుమారుడు వచ్చే జన్మలో తాను గుర్రమై పుడతానని నమ్మేవాడనీ, తన హోదాకు తగ్గ కొట్టం ముందే కట్టించుకున్నాడనీ ఇక్కడ కథ చెప్పుకుంటారు. నిజమో కాదో గానీ, పునర్జన్మ మీద నమ్మకం ఉన్నవాళ్లందరూ ఇలా ముందుచూపుతో ఉంటే మన ఊళ్లలో గొడ్ల చావిళ్లు ఎంత బాగుండేవి!

లోపల ఎత్తైన కప్పు, పైనుంచి వెలుతురు, ధారాళంగా గాలి. గుర్రానికి ఏం కావాలో ఆ కాలంలోనే తెలుసు. కానీ నాకు ఇంకోటి కూడా గుర్తొచ్చింది. గొప్ప శాలలో కట్టేసిన గుర్రం కూడా కట్టేసిన గుర్రమే. గుర్రం రోజులో చాలా గంటలు మేస్తూ, నడుస్తూ, ఇంకో గుర్రాన్ని ఆనుకుని బతికే జంతువు. పోటీ గుర్రాలకు ఖరీదైన మేత, గడ్డి పరుపు, ఫిజియో, పాదాలకు ఐసు, పెద్ద ఫ్యాన్లు, అన్నీ ఉంటాయి. కోట్ల ధర పలికే జంతువును గాయం భయంతో ఒంటరిగానే ఉంచుతారు, పచ్చిక మీద తోటి గుర్రంతో వదలడానికి యజమానికి ధైర్యం చాలదు. ఖరీదు పెరిగేకొద్దీ స్వేచ్ఛ తగ్గడం విచిత్రం.

ఆగస్టు 4, ఆదివారం

ఇంట్లోనే. మేనకోడలి స్నేహితులు ఇద్దరు భోజనానికొచ్చారు, క్లబ్బువాళ్లే. పప్పుచారు, దొండకాయ వేపుడు. వేపుడులో కారం ఎక్కువైంది. దాంతో మాట మిరపకాయ మీదికి, అక్కడి నుంచి 2008కి వెళ్లింది.

బీజింగ్ ఒలింపిక్స్‌లో గుర్రాల పోటీలు హాంకాంగ్‌లో జరిగాయి. అక్కడ నాలుగు షో జంపింగ్ గుర్రాల్లో కాప్సైసిన్ దొరికింది. మన గుంటూరు మిరపకు ఘాటునిచ్చే పదార్థం అదే. నొప్పి మందుగా రాశామని చెప్పుకోవచ్చు. కాళ్ల ముందు భాగానికి రాస్తే చర్మం మండుతుంది, కర్ర తగిలితే మామూలు కన్నా ఎక్కువ బాధ పుడుతుంది, దాంతో గుర్రం కాళ్లు ఇంకా పైకి ముడుస్తుంది. నార్వే జట్టు గెలిచిన కాంస్యం పోయి స్విట్జర్లాండ్‌కి దక్కింది.

ఇలాంటివి ఒకటా రెండా. దూకుతుండగా కర్రను పైకి లేపి కాళ్లకు తగిలించడం పాత చిట్కా, 'పోలింగ్' అంటారు, ఇప్పుడు నిషేధం. వెనక కాళ్లకు బిగుతైన బరువు బూట్లు కట్టడం ఇంకోటి. గుర్రం ఆ నొక్కుడు వదిలించుకోడానికి కాళ్లు అసహజంగా వెనక్కి విసురుతుంది, కర్ర తగలదు. వాటిని దశలవారీగా కట్టడి చేసి 2021 నుంచి పెద్దల పోటీలన్నింటిలో ఆపేశారు. మేనకోడలి స్నేహితురాలు దీనికి బాగా సంతోషించింది. ఆ బూట్లు తీసేస్తే కర్రలు ఎడాపెడా పడతాయని ముందు అందరూ భయపడ్డారట. అదేమీ జరగలేదు.

ఈ కబుర్లలో ఒకటి గమనించాను. నిషేధాలన్నీ కంటికి కనిపించేవాటి మీదే. రక్తం కనిపిస్తుంది, బూటు కనిపిస్తుంది, మందు రక్తపరీక్షలో కనిపిస్తుంది, కాళ్ల వేడి థర్మల్ కెమెరాలో కనిపిస్తుంది. అలసట ఎందులో కనిపిస్తుంది? ఫ్రాన్సులో పార్లమెంటు సభ్యుల బృందం ఒకటి ఈ ఒలింపిక్స్ కోసం 2022లోనే 46 సూచనలు ఇచ్చింది. అదే ఏడాది ఎఫ్‌ఈఐ కూడా అశ్వ సంక్షేమం మీద స్వతంత్ర కమిషన్ వేసింది. గుర్రాల ఆటలు సాగాలంటే సమాజం ఒప్పుకోవాలనే భయం వాళ్లకు గట్టిగానే పట్టుకుంది. మంచిదే. భయంతో అయినా కొన్ని పనులు జరుగుతాయి.

ఆగస్టు 5, సోమవారం

మళ్లీ వెర్సాయి. వ్యక్తిగత క్వాలిఫయర్, మొదటి ముప్పై మంది రేపటి ఫైనల్‌కి. టోక్యోలో వ్యక్తిగత పోటీ ముందు, జట్లు తర్వాత. ఇక్కడ వరస తిరగేశారు. దాంతో జట్టు కోసం రెండు రౌండ్లు దూకిన గుర్రాలు ఇవాళ మూడో రౌండుకు దిగుతున్నాయి. ఆ తర్వాత ఫైనల్, అందులో టై అయితే జంప్ ఆఫ్, అంటే విజేతను తేల్చే అదనపు రౌండు. అంటే ఆరు రోజుల్లో అయిదు రౌండ్లు. ప్రతి రౌండు ముందూ వామప్‌లో దూకేవి ఇంకొన్ని.

ఇది ఎక్కువా? నాకు ఈ ప్రశ్నే తిరుగుతోంది. పాత లెక్కలతో చూస్తే తక్కువ. ప్రపంచ ఛాంపియన్‌షిప్‌లో 2014 దాకా ఒక వింత ఫైనల్ ఉండేది. అన్ని రౌండ్లూ అయ్యాక మిగిలిన నలుగురు రౌతులు తమ గుర్రం మీద ఒకసారి, మిగతా ముగ్గురి గుర్రాల మీద ఒక్కోసారి దూకాలి. ఎవరు అసలైన రౌతో తేలుతుందని. ప్రేక్షకులకు పండగ. నాలుగు గుర్రాలకు మాత్రం ఒకే రోజున, వారం అలసట మీద, నలుగురు మనుషుల నాలుగు రకాల చేతులు, నాలుగు రకాల బరువులు. దాన్ని ఎత్తేయడం మంచి పని. 2022లో డెన్మార్క్‌లోని హెర్నింగ్‌లో ఆగస్టు 10, 11, 12 తేదీల్లో వరసగా మూడు రౌండ్లు, ఒక రోజు విశ్రాంతి, 14న రెండు రౌండ్లు. స్వీడన్ రౌతు హెన్రిక్ ఫాన్ ఎకెర్‌మన్ గుర్రం కింగ్ ఎడ్వర్డ్ ఆ అయిదు రౌండ్లలో ఒక్క కర్ర కూడా పడేయలేదు. బలవంతంతో గుర్రం అలా దూకదు. అది ఇష్టంగా దూకుతోందని మేనకోడలు అంటే నేను కాదనలేను.

నా అనుమానం ఈ వారం మీద కాదు, మిగతా యాభై ఒక్క వారాల మీద. ఇక్కడ డాక్టర్లున్నారు, నిబంధనలు కాపాడే స్టివార్డులున్నారు, కెమెరాలున్నాయి, డోపింగ్ పరీక్షలున్నాయి. ఇంతకన్నా బాగా చూసుకునే వారం గుర్రానికి ఏడాదిలో రాదేమో. కానీ ఇక్కడికి రావడానికి అర్హత పోటీలు, ర్యాంకింగ్ పాయింట్లు, 2006లో మొదలైన గ్లోబల్ ఛాంపియన్స్ టూర్ లాంటి డబ్బున్న సిరీస్‌లు, దోహా నుంచి మయామీ దాకా. ట్రక్కులు, విమానాలు, ఊరూరా కొత్త కొట్టం, కొత్త నీళ్లు. పెద్ద రౌతుల దగ్గర ఏడెనిమిది గుర్రాలుంటాయి, మార్చి మార్చి వాడతారు, ఒక్కోదానికి ఏడాదిలో ఇన్నే పెద్ద పోటీలని లెక్క పెట్టుకుంటారు. ఒక్క మంచి గుర్రంతో పైకి రావాలనుకునే కుర్ర రౌతు సంగతేంటి? పాయింట్లు కావాలి, ఉన్నది ఒక్కటే గుర్రం. 'రౌతు కొద్దీ గుర్రం' అన్నారు పెద్దలు. ఇక్కడ మాత్రం రౌతు అప్పుల కొద్దీ, స్పాన్సర్ కొద్దీ కూడా గుర్రమే.

"మరి ఏం చేయమంటావు మావయ్యా?"

ఒక్కో గుర్రం ఏడాదిలో ఎన్ని పెద్ద రౌండ్లు దూకిందో, ఎన్ని గంటలు ప్రయాణం చేసిందో దాని పాస్‌పోర్టులోనే రాసి జనానికి కనపడేలా పెట్టాలన్నాను. ప్రతి పోటీ గుర్రానికి ఎలాగూ పాస్‌పోర్టు, మెడలో మైక్రోచిప్ ఉన్నాయి, టీకాలన్నీ అందులోనే రాస్తారు. దీనికి కొత్త యంత్రాలేమీ అక్కర్లేదు. "సాఫ్ట్‌వేర్ నేను రాసిస్తాను" అంది. చాలా సీరియస్‌గానే అంది.

వామప్ మైదానం మాత్రం మా చోటు నుంచి కనపడలేదు, పెద్ద తెర మీద ముక్కలు ముక్కలుగా చూపించారు. అదే నాకు పెద్ద లోటు. రౌతు అసలు స్వభావం కోర్సులో కన్నా అక్కడే బయటపడుతుంది.

ఆగస్టు 6, మంగళవారం

ఫైనల్ పొద్దునే. కోర్సు చూసి మేనకోడలు ఈల వేసింది. ఒలింపిక్స్‌లో ఇంతకన్నా ఎత్తు పెట్టరు. ముప్పై గుర్రాల్లో ఒక్క తప్పూ లేకుండా బయటపడ్డవి మూడే. జర్మనీకి చెందిన క్రిస్టియన్ కుకుక్, గుర్రం చెకర్ 47. స్విట్జర్లాండ్‌కి చెందిన స్టీవ్ గెర్దా, ఆడగుర్రం డైనమిక్స్ ద బెలెమ్. నెదర్లాండ్స్‌కి చెందిన మైకెల్ ఫాన్ డెర్ ఫ్లూటెన్, గుర్రం బోవిల్.

మూడు పతకాలు, మూడు గుర్రాలు, ఎలాగూ అందరికీ ఏదో ఒకటి వస్తుంది. అయినా జంప్ ఆఫ్. అడ్డంకులు తక్కువ, కానీ వేగం కావాలి, మలుపులు ఇరుకు. గుర్రానికి కష్టమైనది ఇదే. అలసిన ఒంటితో వేగంగా వచ్చి, వంకర దారిలో తిరిగి, ఏటవాలుగా దూకాలి. దిగేటప్పుడు కాలు నిటారుగా పడదు, పక్కకు తిప్పుకుంటూ పడుతుంది. నేను అరచేతులు నలుపుకుంటూ కూర్చున్నాను. టెన్షన్ నాకా గుర్రానికా అని మేనకోడలు నవ్వింది.

చెకర్ పద్నాలుగేళ్లది, తెల్లటి ఒళ్లు. జట్టు పోటీలో రెండు, నిన్న ఒకటి, ఇవాళ ఒకటి, ఇది అయిదోది. 38.34 సెకన్లలో ఒక్క కర్ర పడకుండా ముగించింది. మిగతా ఇద్దరివీ ఒక్కో కర్ర పడింది. గెర్దాది 38.38. కర్ర పడకపోయినా సెకనులో వందింట నాలుగు వంతుల తేడాతో ఓడేవాడన్నమాట. ఫాన్ డెర్ ఫ్లూటెన్‌ది 39.12. జర్మనీకి ఈ పోటీలో 1996 తర్వాత ఇదే స్వర్ణం.

గెలిచాక కుకుక్ ఏడ్చాడా, జెండా పట్టుకున్నాడా అన్నది చూడలేదు. నేను గుర్రాన్నే చూస్తున్నాను. చివరి అడ్డంకి దాటాక పగ్గాలు వదులు కాగానే మెడ కిందకు సాచింది, మంచి గుర్తు. ముక్కుపుటాలు ఎర్రగా, పూర్తిగా విచ్చుకుని ఉన్నాయి. డొక్కలు గబగబా ఎగిరి పడుతున్నాయి. మెల్లగా నడిపిస్తున్న కొద్దీ రెండు నిమిషాల్లో ఆ ఎగరడం సగానికి తగ్గింది. చెవులు ముందుకొచ్చాయి. నాలుగు కాళ్లూ సమానంగా పడుతున్నాయి, తల ఊపు ఏ కాలికీ ఎక్కువ తక్కువ లేదు. పద్నాలుగేళ్ల ఒంటితో, ఆరు రోజుల తర్వాత, చాలా బాగా తేరుకుంది. ఈ గుర్రాన్ని చూసుకునే సయీసు ఎవరో గానీ వాళ్లకూ ఒక పతకం ఇవ్వాలి. మా మేనకోడలికి చెబితే "రాసుకో మావయ్యా" అంది. రాశాను.

తర్వాత జరిగింది

ఈ డైరీని శుభ్రంగా తిరగరాస్తుంటే కొన్ని నిబంధనలు మారాయి. ముక్కు మీదుగా బిగించే పట్టీ ఎంత వదులుండాలో కొలిచే పరికరం 2025లో వచ్చింది. అంతకు ముందు రెండు వేళ్లు పట్టాలని చెప్పేవారు, ఎవరి వేళ్లో చెప్పేవారు కాదు. ఇది నాకు బాగా నచ్చింది.

నచ్చనిది ఇంకోటి. 2025 నవంబరులో హాంకాంగ్‌లో ఎఫ్‌ఈఐ సభ్య దేశాలు ఓటు వేసి షో జంపింగ్‌లో రక్తం నిబంధనను సడలించాయి. 2026 నుంచి కొద్దిపాటి రక్తానికి నేరుగా ఔట్ లేదు. గుర్రం పోటీకి ఫిట్‌గా ఉంటే రౌతుకు హెచ్చరిక రాసుకుంటారు, ఏడాదిలో రెండోసారైతే జరిమానా, సస్పెన్షన్. చర్మం గీసుకున్న చిన్న మరకకు జట్టంతా పోవడం అన్యాయమని వాళ్ల వాదన. వెర్సాయి రైల్లో విన్న మాటే అది. పాత నిబంధన మోటుదే, ఒప్పుకుంటాను. కానీ రౌతుకు ములుకు వాడేముందు ఒక్క క్షణం ఆలోచించే భయం దాని వల్లే ఉండేది. జట్టులో ముగ్గురే ఉండి, తీసేసే స్కోరు లేని ఆటలో ఆ భయం చాలా అవసరం. దాన్ని తీసి దాని చోట హెచ్చరిక కాగితం పెట్టారు.

2026 ఆగస్టులో ప్రపంచ ఛాంపియన్‌షిప్‌లు జర్మనీలోని ఆఖెన్‌లో. మళ్లీ అయిదు రౌండ్ల పోటీ. అక్కడ వామప్ మైదానం చుట్టూ జనం నిలబడి చూడొచ్చు. మేనకోడలికి చెప్పాను, పెద్ద స్టేడియంలో ఖరీదైన సీట్లు వద్దని, ఏ మూలైనా ఫరవాలేదని, పొద్దునే వెళ్లి వామప్ కంచె పక్కన నిలబడితే చాలని. "నీకు నిలబడే ఓపిక ఉందా?" అని అడిగింది. మడత కుర్చీ ఒకటి కొనమన్నాను.